ఆషాఢమున చదివిన ఎనిమిది నవలలు

ఆషాఢమాసమున మన ఇండ్లలో పెండ్లిండ్లు లేవు, గృహప్రవేశములు లేవు. తమిళదేశమున కాపురముండు మనకు చాంద్రమానపు ఆషాఢము కొంత, సౌరమానపు ఆడిమాసము కొంత కలిసి, శుభకార్యములు లేని దినములు ఒక నెలకు బదులు నెలన్నర యగును. ఆ తీరికను వ్యర్థము చేయరాదని, మన సంఘ గ్రంథాలయమునకు ఇటీవల కొన్న తెలుగు నవలలలో ఎనిమిదింటిని సంచిలో వేసికొని ఇంటికి తెచ్చి, వరుసగా చదివితిని.

తీరిక యొక్కటే కారణము కాదు. మన గ్రంథాలయోపసంఘమువారు రాబోవు సంవత్సరమునకు నవలల పద్దును పూర్తిగా తొలగించి, ఆ సొమ్మును పోటీపరీక్షల పుస్తకములకును, ఉగాది సభ వేదికకును పంచవలెనని తీర్మానము సిద్ధపఱచినారు. వారు చూపిన హేతువు చిన్నది, కాని పదునైనది. పుస్తకములు తీసికొనిపోవువారి పేర్లు వ్రాయు చిట్టాలో గడచిన సంవత్సరమున నవలలకు ఎదురుగా పదునొకండు సంతకములు మాత్రమే ఉన్నవి. అందు నాలుగు నావే. ఆ తీర్మానమును ఎదిరించెదనని నేను సభలో లేచి చెప్పితిని. ఎదిరించువాడు సరకు చూడకుండ ఎదిరింపరాదు కదా! అందుచేతనే ఈ ఎనిమిది నవలల వ్రతము.

వ్రతము ముగిసినది. ఫలము మాత్రము దక్కలేదు. ఈ మాట పత్రికాముఖమున ఒప్పుకొనుటచే నా వాదమునకు నేనే గండి కొట్టుకొనుచున్నానని ఎఱుగుదును. అయినను ఉన్నమాట చెప్పి పోరాడుటయే మేలు.

మొదటి నవల 340 పుటలు. కథానాయకుడు హైదరాబాదున గచ్చిబౌలిలో ఒక కంప్యూటరు కంపెనీలో ఉద్యోగి. ఉదయము కాఫీ త్రాగును, కారులో పోవును, లిఫ్టు ఎక్కును, మేనేజరుతో జగడమాడును, రాత్రి మేడమీద నిలువబడి నగరదీపములను చూచి నిట్టూర్చును. ఇంతకు అతడు చేయు పని యేమి? 340 పుటలలో ఒక్కచోటనైనను చెప్పలేదు. అతనికి పని యొత్తిడి ఎక్కువ యని ఇరువది సారులు చెప్పిరి. ఆ పని యేదో తెలియనిదే ఒత్తిడి మనకెట్లు తెలియును? కంసాలి కథలోనికి వచ్చినచో కుంపటి సెగ తగులవలెను. నేతగాడు వచ్చినచో మగ్గపుగుంటలో కాళ్లాడు చప్పుడు వినబడవలెను. కంప్యూటరు ముందు కూర్చుండువానికిని ఒక విద్య ఉన్నది, దానిలో ఒడుపున్నది, తప్పున్నది, తప్పు దిద్దుకొనుటకై జాగారము చేసిన రాత్రి ఉన్నది. మా అన్నకుమారుడు ఆ పనిలోనే ఉన్నాడు. అతడు అరగంటలో చెప్పిన సంగతులు ఆ 340 పుటలలో లేవు.

రెండవది అమెరికా నవల. మంచు కురియును. గోంగూర జ్ఞప్తికి వచ్చును. మంచు కరగును. తల్లి ఫోనులో ఏడ్చును. మరల మంచు కురియును. దూరదేశమున ఉన్నవారి దుఃఖమును నేను పరిహసింపను. ఊరు విడిచిన దుఃఖము మనకు క్రొత్త కాదు. వారు ఊరు విడిచి ఇరువదియేండ్లు. మన పూర్వులు విడిచి నాలుగైదు వందల యేండ్లు. కాని మనవారు ఏడ్చుచు కూర్చుండలేదు. నల్లరేగడిని దున్నిరి, చెఱువులు త్రవ్విరి, ప్రక్కయింటివారితో తమిళము మాటలాడిరి, బేరములాడిరి, జగడమాడిరి. వలసపోయినవాడు పోయినచోట ఏమి చేసెననునది కథ. విడిచివచ్చినదానిని తలచుకొనుట కథలో ఒక సాయంకాలము మాత్రమే. ఈ నవలలో ఆ సాయంకాలమే 280 పుటలు సాగినది. అమెరికావాడొక్కడును పేరుతో కనబడడు. అంగడిలో డబ్బు పుచ్చుకొనువాడొకడు ఒకచోట నవ్వును, అంతే.

మూడవది చారిత్రక నవల, కాకతీయుల కాలమునాటిది. అట్టమీద అశ్వము, ఖడ్గము, గాలికి ఎగురు ఉత్తరీయము. తెఱచిన మూడవ ప్రకరణముననే ఓరుగల్లు వంటయింటిలో ఎండుమిరపకాయలు పోపులో చిటపటలాడుచున్నవి! అయ్యా, కాకతీయరాజ్యము 1323లో అంతరించినది. మిరపకాయ అమెరికా ఖండపు పంట. పోర్చుగీసువారు మనదేశమునకు దారి కనుగొన్నది 1498లో. వారి ఓడలలో అది ఇటు వచ్చినది ఆ పిమ్మట. ప్రతాపరుద్రుని వంటవాండ్రు కారమునకు మిరియములు నూఱవలసినదే. ఇది చిన్న దోషమని కొట్టివేయువారుందురు. చిన్నదే. కాని పోపుగరిటెలో ఏమున్నదో తెలిసికొనని రచయిత సేనాపతి గుండెలో ఏమున్నదో తెలిసికొనెనని నేనెట్లు నమ్ముదును? ఆ సేనాపతి నోరు తెఱచినప్పుడెల్ల వెనుక నగారా మ్రోగుచున్నట్లే యుండును. సినిమాలో చెప్పుట కొఱకు వ్రాసిన మాటలు వానివి. పైగా ఆ ప్రతిలో 145 మొదలు 160 వఱకు గల పుటలు రెండుసారులు కుట్టబడియున్నవి. రెండవసారి కూడ చదివితిని, తెలియకుండనే. అంతగా అందలి ప్రకరణములు ఒండొంటిని పోలియున్నవి.

నాలుగవది క్షుద్రవిద్యల నవల. 90వ పుటవద్ద మూసివేసితిని. అయిదవది, ఆఱవది ప్రేమ నవలలు. నాయికల పేర్లు ఇప్పటికే ఒకటితో నొకటి కలిసిపోయినవి. ఏడవదానిని తరువాత చెప్పెదను. ఎనిమిదవదానిలో అందఱును ఉపన్యసింతురు, వంటమనిషితో సహా.

ఆ ఎనిమిదవ నవలలోనే మనవాడొకడు కనబడినాడు! ఒక మేడలో కాపలాదారు. మద్రాసునుండి వచ్చిన తెలుగువాడు. నా కన్నులు చెమ్మగిలినవని చెప్పుటకు సిగ్గుపడను. రెండు పుటలు గడచునప్పటికి తెలిసినది, అతనిని పిలిపించినది నవ్వించుటకు. అతని తెలుగులో అరవ యాస ఉన్నదట. అతడు నోరు విప్పినప్పుడెల్ల తక్కినవారు నవ్వుదురు. నవ్వుటైన పిమ్మట అతడు కథనుండి మాయమగును. అతనికి భార్య కలదో లేదో, అతడెవరో, అతని ఊరేదో రచయితకు అక్కఱలేదు. సినిమాలలో దశాబ్దములుగా జరుగుచున్న వేడుకయే ఇది. నవలాకారుడైనను మన యాసవెనుక మనిషిని చూచునని ఆశించుట నా తప్పు.

2011 జనాభా లెక్కలలో తమిళనాడున తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 42 లక్షలు. కర్ణాటకమున 35 లక్షలకు పైబడి. ఈ రెండు రాష్ట్రముల మొత్తమే ముప్పాతిక కోటిని మించినది. బరంపురము, పర్లాకిమిడి, రాయగడ మొదలగు ఒరిస్సా పట్టణములలోనివారు, షోలాపురమున మగ్గములు నడపి బీడీలు చుట్టి బ్రదికిన పద్మశాలి కుటుంబములవారు, బొంబాయి కట్టడములకు రాళ్లు మోసి కామాటిపురమునకు తమ పేరు పెట్టి పోయిన కామాటీలు, యానాములోనివారు వేఱు. ఇంతమంది మనుష్యులు ఎనిమిది నవలలలో ఒక్క కాపలాదారుగా తేలిరి, వాడును పరిహాసపాత్రముగా!

ఇప్పుడు ఏడవ నవల సంగతి. అది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి ‘కొండపొలం’. 2019లో తానా బహుమతి పొందినది, 2021లో సినిమాగా కూడ వచ్చినది. కరవుకాలమున గొఱ్ఱెల మందలను తోలుకొని నల్లమల అడవికెక్కు కాపరుల కథ. పట్టణమున చదివి ఉద్యోగము దొరకని కుఱ్ఱవాడు తండ్రివెంట అడవికి పోవును. గొఱ్ఱెకు దాహమెప్పుడు వేయునో, ఏ చెట్టు ఆకు మేలో, పులి జాడ ఎట్లుండునో, రాత్రి మందచుట్టు ఎట్లు కావలి పండుకొందురో అన్నియు అందున్నవి. ఇది చదివినంతసేపు నేను మధురలో లేను. ఎనిమిదింటిలో ఇదొక్కటియే నన్ను రాత్రి రెండు గంటలవఱకు మేల్కొలిపినది. కాబట్టి తెలుగు నవల చచ్చినదని ఎవరైన నా నిరాశను సాక్ష్యముగా తెచ్చుకొనరాదు. కడప సీమలో ఉన్నవాడు కడప సీమ మనుష్యులను గూర్చి వ్రాసెను, బాగుగా వ్రాసెను. మన మనుష్యులను గూర్చి వ్రాయవలసినవాడెవడు? గచ్చిబౌలివాడా?

ఈ ప్రశ్నవద్దనే నాకును మనవారికిని జగడము మొదలగును.

మనలో పెద్దలు కొందఱు ఏటేట సభలలో ఒక విలాపము చేయుదురు. తెలుగు రాష్ట్రములవారు మనలను మఱచిరి, వారి రచయితలకు మనము కనబడము, వారి పత్రికలలో మనకు చోటు లేదు, అని. ఇందు అబద్ధము లేదు. కాని ఈ విలాపము వినుటకు నాకు ఓపిక నశించినది. ఇచ్చుటకు మనయొద్ద ఏమియు లేకుండెనా? తెలుగు వచనము దక్షిణమున పెరిగిన బిడ్డ. ‘రాయవాచకము’ పుట్టినది మధుర నాయకుల ఆస్థానమున. సముఖము వేంకటకృష్ణప్పనాయకుడు ‘జైమిని భారతము’ను వచనమున వ్రాసినదియు ఆ నాయకుల కాలముననే. ఉన్నవ లక్ష్మీనారాయణగారు ‘మాలపల్లి’ వ్రాసినది గుంటూరున కాదు, వేలూరు జైలులో. 1922లో అచ్చయిన ఆ గ్రంథమును నిషేధించినది మద్రాసు ప్రభుత్వము. కాశీనాథుని నాగేశ్వరరావుగారు ‘ఆంధ్రపత్రిక’ను 1908లో బొంబాయిలో ప్రారంభించి, 1914లో మద్రాసుకు తెచ్చిరి; ‘భారతి’ అక్కడనే 1924లో పుట్టినది. డాక్టరు పి. శ్రీదేవిగారి ‘కాలాతీత వ్యక్తులు’ విశాఖపట్టణపు కథయే కాని, 1957-58లో ధారావాహికగా వెలువడినది మద్రాసునుండి వచ్చు ‘తెలుగు స్వతంత్ర’లో. ఇంటింట మాటలాడు తెలుగును పుస్తకములలో నిలుపవలెనని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరు మొదలిడిన పర్లాకిమిడి, 1936 తరువాత ఒరిస్సాలోనిది. అచ్చుయంత్రములు, పత్రికలు, రచయితలు మన వాకిటనే ఉన్న దినములవి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన పిమ్మట అవి ఒక్కొక్కటిగా తరలిపోయినవి; ఉండిపోయినవి మూతబడినవి; ‘భారతి’ 1991లో ఆగినది. అవి ఇక్కడ ఉన్నన్ని నాళ్లు మనమేమి చేసితిమి? చందా కట్టితిమి, చదివితిమి, గోదావరి జిల్లాల పిల్లల ప్రేమలకు కన్నీరు కార్చితిమి. మన ఊరిని గూర్చి మనము ఒక పుట వ్రాయలేదు.

వ్రాసినవాడొకడున్నాడు. అయితే తమిళమున వ్రాసెను.

కోవిల్‌పట్టి దగ్గఱి ఇడైసెవల్ గ్రామవాసి కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగు. 1976లో ఆయన ‘గోపల్ల గ్రామం’ అను నవల ప్రచురించెను. ఒక ప్రభువు కన్నుపడిన చెన్నాదేవి యను కన్యను కాపాడుకొనుటకై రాత్రికి రాత్రి ఊరు విడిచి, దక్షిణమునకు నడిచి, అడవి నఱికి, కరిసల్ భూమిలో, అనగా మన నల్లరేగడిలో, ఊరు కట్టుకొన్న తెలుగువారి కథ అది. మంగత్తాయారు అను నూఱేండ్లు దాటిన అవ్వ ఆ వలసకథను జ్ఞప్తికి తెచ్చుకొని చెప్పును. దీని తరువాతి భాగమైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడెమి పురస్కారము లభించినది. కరిసల్ సీమ మాటలకు ఆయన నిఘంటువు కూడ కూర్చెను. బడిచదువు అంతంతమాత్రమే యైన ఆ కర్షకుని పుదుచ్చేరి విశ్వవిద్యాలయమువారు పిలిచి ఆచార్యపదవి ఇచ్చిరి. 2021 మే నెలలో ఆయన మరణింపగా తమిళనాడు ప్రభుత్వము లాంఛనములతో అంత్యక్రియలు జరిపించినది.

ఆయన తమిళమున ఏల వ్రాసెనని అడుగుట అవివేకము. ఆయన చదివిన అక్షరములు అవి, ఆయన శ్రోతలు ఆ భాషవారు. తమిళులు ఆయనను తమవానిగా నెత్తిన పెట్టుకొన్నారు. అందుకు వారికి చేయెత్తి మ్రొక్కవలెను. నా ప్రశ్న ఆయనకు కాదు, మనకు. మన వలస కథ, మన అవ్వల నోటి కథ, తమిళ సాహిత్యమున ఒక మణియైనది. తెలుగున ఆ చోటు ఖాళీగా ఉన్నది. దానికి మనకు లజ్జ కలుగలేదు. కొందఱికి ఆ పుస్తకము పేరైనను తెలియదు.

నాకును మొన్నటివఱకు పేరు మాత్రమే తెలియును. ఈ ఆషాఢముననే, నేను ఆఱవ నవలతో తూగుచుండగా, మా మనుమరాలు తన కళాశాల పుస్తకములనుండి తలయెత్తి, “తాతా, ఈ కథ మన అవ్వ చెప్పినట్లే ఉండాది” అన్నది. ఆమె చేతిలోనిది ‘గోపల్ల గ్రామం’. ఆమెకు తమిళము చక్కగా వచ్చును. తెలుగు మాటలాడును, కాని చదువలేదు. తమిళనాడున 2006లో వచ్చిన చట్టము ప్రకారము ఒకటవ తరగతి మొదలు తమిళము తప్పనిసరి. 2006-07లో ఒకటవ తరగతితో ప్రారంభమై ఏటికొక తరగతిగా పైకి ప్రాకినది. తమిళము నేర్చుకొనుట తప్పని నేననను. ఉన్నచోటి భాష రానివాడు ఉన్నచోట అతిథియే. కాని తమిళము వచ్చిన తలుపునుండియే తెలుగు వెలికి పోవలెనని ఆ చట్టమున వ్రాసిలేదు. బడిలో తెలుగు పంతులు లేని దినమున ఇంటిలో అక్షరము దిద్దించుట మా కుటుంబమున ఎవరును చేయలేదు. నేనును చేయలేదు. ఎనిమిది నవలలు చదువుటకు తీరిక దొరకినవానికి ఏబదియాఱు అక్షరములు దిద్దించుటకు తీరిక దొరకలేదు!

ఆ రాత్రి ఆమె నాకు ఆ తమిళ పుస్తకమును చదివి వినిపించినది. కోయిలలు పండుకొనువేళవఱకు, అవ్వ ఊరు విడిచిన కథను, మా ఇంటి భాషలో నాకు అర్థము చెప్పుచు చదివినది. తెలుగువాని కథను తెలుగు పిల్ల తమిళము చదివి తెలుగువాడైన తాతకు వినిపించుట! ఎనిమిది నవలలలో ఏ రచయితకును తోచని ప్రకరణమిది.

పాఠకులు “ఉండాది” అను మాటను గమనించియుందురు. దానికొక పూర్వకథ ఉన్నది. 1968లో నేనొక కథ వ్రాసి ఒక వారపత్రికకు పంపితిని. మా ఊరి చెఱువు తూము తగవును గూర్చినది. కథ తిరిగి వచ్చినది, దానిపై ఎఱ్ఱసిరాతో “ఉండాది” అన్నచోటనెల్ల “ఉన్నది” అని, “పిలకాయలు” అన్నచోట “పిల్లలు” అని దిద్దబడియున్నది. చివర “భాష బాగుపఱచుకొని వ్రాయుడు” అని సలహా. ఆ సంపాదకునిపై కోపము ఏనాడో చల్లారినది. చల్లారనిది నామీద నాకు గల కోపము. నేను సిగ్గుపడితిని. భాష బాగుపఱచుకొంటిని. ఎంత బాగుపఱచుకొంటిననగా ఇదిగో, చదువుచున్నారు కదా, ఈ భాషలో మా అవ్వ ఒక్క వాక్యమైనను మాటలాడి యుండదు. ఇంటిభాషను పొగడుచు గ్రాంథికము వ్రాయు ఈ ముసలివానిని చూచి గిడుగువారు నవ్వియుందురు. మా తరమువారిచేత బడిలో కలము పట్టించినవారు ఇదియే నేర్పిరి, చేయి తిరిగిపోయినది.

ఆ యెఱ్ఱసిరా ఇప్పుడు పరుల చేతిలో లేదు, మన చేతిలోనే ఉన్నది. మన సంఘ సభలలో పిల్లలు ఇంటి యాసతో పద్యము చదివినచో ముందువరుసలో కూర్చున్న పెద్దలు పెదవి విఱుతురు. “విజయవాడవారు వినిన నవ్వుదురు” అందురు. నవ్వనిండు! పులికాటుసరస్సు ఒడ్డున బ్రదికిన తెలుగువారి మాటను మాటగానే నిలిపి స. వెం. రమేశ్‌గారు ‘ప్రళయకావేరి కథలు’ వ్రాయగా ఎవరు నవ్విరి? హోసూరు ప్రాంతమువారు తమ మొరసునాటి పలుకుతో కథలు వ్రాసి అచ్చువేయుచున్నారు. వారి పుస్తకములు మన బీరువాలో ఒక్కటియు లేదు. గచ్చిబౌలి లిఫ్టులు మూడు, మంచుతుఫానులు రెండు ఉన్నవి.

ఇంతకు ఉపసంఘమువారికి నా సమాధానము. నవలలు చదువబడుటలేదని మీరన్నది సత్యము. ఏల చదువబడలేదో మీరు విచారింపలేదు. కొన్నవారు అట్టలు చూచి కొన్నారు. నేనును ఆ కొనుగోలు సంఘమున ఉన్నవాడనే, ఆ అశ్వమును ఖడ్గమును మెచ్చినది నేనే. అన్నము మాడినదని పొయ్యి పడగొట్టుదురా? ఇది మొదటి మాట. రెండవది, పోటీపరీక్షల పుస్తకములు ప్రతి వీథి మొగలో దొరకును, ఫోనులోను దొరకును. ‘మాలపల్లి’ ఈ ఊరిలో మన బీరువాలో తప్ప మఱెక్కడ దొరకునో చూపుడు. మూడవది, ఉగాది వేదికకు పూలదండలు ఒక సాయంకాలమునకు. దాని పద్దు పెంచుటకు నేను ఒప్పుకొనను, మీరు నన్ను రసికుడు కాడనిన అనుడు.

నవలల పద్దులో సగము సొమ్ముతో కొనవలసిన పుస్తకముల పట్టిక నేనిచ్చెదను. ప్రతి పుస్తకమును కొనకముందు ఇద్దఱు సభ్యులు కనీసము ఏబది పుటలు చదివి సంతకము చేయవలెను. తక్కిన సగముతో పుస్తకములు కొనవలదు. రెండు శబ్దగ్రహణ యంత్రములు కొనుడు, లేదా పిల్లల ఫోనులే చాలును. ఆ సొమ్ము ప్రయాణములకు, కాగితములకు, అచ్చుకు ఉంచుడు. కోవిల్‌పట్టిలో, శంకరన్‌కోవిలులో, హోసూరులో, పావగడలో, బరంపురములో ఎనుబదియేండ్లు దాటిన అవ్వలును తాతలును ఉన్నారు. కోలారు బంగారుగనులు 2001లో మూతబడినవి. అందులోనికి దిగి యెక్కిన తెలుగు కార్మికులు కొందఱు నేటికిని సజీవులు. షోలాపురమున మగ్గము ముందు కూర్చుండి ముసలివారైనవారున్నారు. యానాములో ఫ్రెంచి జెండా 1954లో దిగినప్పుడు బడిపిల్లలుగా చూచినవారున్నారు. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాయుడు. “ఉండాది” యని చెప్పినచో “ఉండాది” యనియే వ్రాయుడు. నవల వ్రాయుమని నేను కోరుటలేదు. ఎద్దుకు గాడి ఎట్లు వేసిరి, పెండ్లిలో ఎవరు ఎవరికి ఏమి పెట్టిరి, ఏ సంవత్సరపు కరవులో ఏమి తినిరి, తమిళుల ఇంట ఏ పాత్రలో నీరు త్రాగిరి, ఇట్టివి రెండేసి పుటలు చాలును. ప్రతివారము ఈ పత్రికలో ఒక స్తంభము అందుకు కేటాయించుటకు సంపాదకులవారు అంగీకరించినారు. పదియేండ్ల తరువాత ఎవడో ఒక కుఱ్ఱవాడు నవల వ్రాయదలచినచో, కాకతీయుల వంటయింటిలో మిరపకాయలు వేయకుండుటకు వానికీ పుటలు పనికివచ్చును.

“ఇదంతయు ఎవరు చేయుదురు?” అని ఉపసంఘాధ్యక్షులు సభలో అడిగిరి. న్యాయమైన ప్రశ్న. మా మనుమరాలు చేయుదునన్నది. అయితే ఆమె తమిళలిపిలో వ్రాయవలసియుండును. వ్రాయనిండు. ఆమె తమిళలిపిలో వ్రాసినదానిని నేను తెలుగులిపిలోనికి ఎత్తి వ్రాసెదను, ఎత్తి వ్రాయునప్పుడు ప్రక్కన కూర్చుండి ఆమె చూచును. ఇట్లు ఇప్పటికి మూడు పుటలైనవి. మూడవ పుట చివఱకు ‘అ’ మొదలు ‘ఔ’ వఱకు గుర్తుపట్టుచున్నది, ‘ఋ’ను మాత్రము ఒప్పుకొనదు, అది అక్షరము కాదట, బొమ్మయట.

తీర్మానము వచ్చు నెల మొదటి ఆదివారము సభలో ఓటునకు వచ్చును. చిట్టాలో సంతకము లేనివారికిని ఓటు కలదు. అంతవఱకు బీరువా తాళపుచెవి నాయొద్దనే ఉండును. ప్రతి ఆదివారము ఉదయము 9 గంటలనుండి 11 గంటలవఱకు తెఱచియుంచెదను. ‘కొండపొలం’ పైయరలో ఎడమవైపున ఉన్నది, ‘మాలపల్లి’ దానిక్రింద. కాకతీయుల నవల కావలసినవారు 145వ పుటవద్ద జాగ్రత్తగా ఉండవలెను.